చల్లని ఇల్లు ప్లాన్ కాగితం మీదే మొదలవుతుంది



గత వేసవిలో ఒంటిపూట బడులు మొదలైన వారం జరిగిన సంగతి ఇది. ఉదయం ఎనిమిదింటికి ఏడో తరగతిలో మొదటి పీరియడ్ నాదే. మూడో బెంచీలో కూర్చునే ఒక బాబు వరుసగా మూడు రోజులు పాఠం మధ్యలో నిద్రపోయాడు. మూడో రోజు వాడి డైరీలో ఎర్ర ఇంకుతో 'క్లాసులో నిద్రపోతున్నాడు. దయచేసి రాత్రిళ్లు ఫోన్ ఇవ్వకండి' అని రాసి పంపాను.

మర్నాడు వాళ్ళమ్మగారు వచ్చారు. కోపంగా కాదు, కాస్త మొహమాటంగానే మాట్లాడారు. "ఫోన్ కాదు మేడమ్. మేం పైన పెంట్‌హౌస్‌లో అద్దెకుంటున్నాం. రాత్రి పన్నెండు దాటినా గది చల్లబడదు. ఫ్యాన్ వేస్తే వేడిగాలే కొడుతుంది. పిల్లాడు అటూ ఇటూ దొర్లుతూనే ఉంటాడు" అన్నారు.

ఆ వారం నేను వాడికి రివిజన్ చేయిస్తున్న పాఠం పేరు 'హీట్'. వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా వెళ్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాను. అదే వేడి ఆ పిల్లాడి నిద్ర ఎలా లాగేస్తోందో మాత్రం ఆలోచించలేదు. ఆ రిమార్కు రాసినందుకు సిగ్గుపడ్డాను. ఆ తర్వాత ఇళ్ళు, వేడి గురించి చదవడం, తెలిసిన ఇంజినీర్లను, మేస్త్రీలను అడగడం మొదలుపెట్టాను. అందులో మీకు పనికొచ్చేవి ఈ నెల పేజీలో పంచుకుంటున్నాను.

మీలో కొందరు స్థలం కొని ప్లాన్ గీయిస్తూ ఉంటారు. కొందరు ఫ్లాట్ కోసం తిరుగుతూ ఉంటారు. పిల్లల చదువు కోసం ఊరు వదిలి వచ్చి అద్దె ఇంట్లో ఉన్నవారు ఇంకొందరు. ముగ్గురికీ చెప్పదలచుకున్నది ఒకటే. ఇల్లు చల్లగా ఉండాలంటే డబ్బు ఎంత పెట్టామన్నది ఒక్కటే కాదు, ఏ వరుసలో పెట్టామన్నదీ ముఖ్యమే. ముందు నీడ, తర్వాత పైకప్పు, ఆ తర్వాత గోడలు, గాలి. చిట్టచివర ఏసీ. మనలో చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, చివరిదానితో మొదలుపెడుతున్నాం.

వేడి వచ్చే మూడు దారులు

మీ పిల్లలు కండక్షన్, కన్వెక్షన్, రేడియేషన్ అని చదువుతారు. తెలుగు మీడియంలో చదివినవారికి ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అంటే గుర్తొస్తుంది. ఈ మూడూ మీ ఇంట్లోనే ఉన్నాయి.

ఎండ స్లాబు మీద పడి దాన్ని కాల్చడం వికిరణం. ఆ వేడి కాంక్రీటు గుండా మెల్లగా కిందికి దిగడం వహనం. వేడెక్కిన సీలింగ్ దగ్గరి గాలిని ఫ్యాన్ మన మీదకి తోయడం సంవహనం. స్లాబు మందంగా ఉంటుంది కాబట్టి పైన పడిన వేడి కింది ముఖానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం ఎండ రాత్రి పదింటికి మన మంచం మీదకి దిగుతుంది. బయట గాలి చల్లబడినా పై అంతస్తు గది ఉడికిపోవడానికి కారణం ఇదే.

ఎంత వేడో ఒక లెక్క చూడండి. వేసవి మధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం ఉంటే ఒక చదరపు మీటరు మీద పడే ఎండ శక్తి దాదాపు 1000 వాట్లు. అంటే సుమారుగా ఒక ఇస్త్రీ పెట్టె. 1000 చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. మీ నెత్తిన తొంభైకి పైగా ఇస్త్రీ పెట్టెలు ఆన్‌లో ఉన్నట్టు. అదంతా లోపలికి రాదు. ఎంత వస్తుందన్నది కప్పు రంగును బట్టి, కప్పు కట్టిన తీరును బట్టి ఉంటుంది.

మొదటి రూపాయి పైకప్పుకే

మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకు నీడే పడదు. కాబట్టి వేసవిలో గోడల కన్నా ఎక్కువ ఎండ తినేది కప్పే.

కొత్తగా సున్నం కొట్టిన తెల్లటి డాబా తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని తిరిగి పైకి పంపేస్తుంది. పాతబడి నల్లబారిన సిమెంటు డాబా ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది. తేడా తెలియాలంటే మధ్యాహ్నం రెండింటికి రెండు డాబాల మీదా అరచేయి పెట్టి చూస్తే చాలు. ఇదే సూత్రం మీద తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఇలా మార్చాలన్నది లక్ష్యం. అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్‌లోనే.

చేసే పద్ధతులు మూడు రకాలు. అన్నిటికన్నా చవకైనది సున్నం. ఫిబ్రవరిలో డాబా శుభ్రంగా కడిగి, పగుళ్ళు పూడ్చి, సున్నంలో కాస్త జిగురు కలిపి సాయంత్రం పూట రెండు కోట్లు వేయాలి. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. రెండోది కూల్ రూఫ్ పెయింట్. ఖర్చు ఎక్కువే కానీ కొన్నేళ్ళు నిలుస్తుంది. మూడోది తెల్ల టైల్స్ ముక్కలు పరిచి అతికించడం. ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. అయితే స్లాబు మీద బరువు పెరుగుతుంది కనుక ఇంజినీరును అడిగాకే చేయించండి. ఏది చేసినా దుమ్ము పేరుకుంటే ఫలితం తగ్గిపోతుంది. వేసవిలో అప్పుడప్పుడు డాబా ఊడవాలి.

కొత్తగా కడుతున్నవారికి ఇంకో మాట. కేంద్రంలోని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018 డిసెంబరులో 'ఎకో నివాస్ సంహిత' పేరుతో ఇళ్ళకు ఒక కోడ్ తెచ్చింది. కప్పు గుండా వేడి ఎంతకు మించి దిగకూడదో అందులో ఒక పరిమితి ఉంది. మనం మామూలుగా వేసే ఉత్త కాంక్రీటు స్లాబు ఆ పరిమితికి రెండున్నర నుంచి మూడు రెట్లు వేడిని పోనిస్తుంది. అందుకే స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్‌తో పాటు వేడిని ఆపే ఇన్సులేషన్ పొర కూడా వేయించాలా అని ప్లాన్ దశలోనే ఇంజినీరును అడగండి. అప్పుడైతే అది ఎస్టిమేట్‌లో ఒక లైను మాత్రమే. తర్వాతైతే డాబా మీద మళ్ళీ మొదటి నుంచి పని.

పడమటి ఎండ సంగతి

మా నాన్నగారు 2017లో రిటైర్మెంట్ డబ్బుతో ఖమ్మంలో ఇల్లు కట్టించారు. రోడ్డు పడమర వైపు. ఎలివేషన్ బాగుండాలని ముందు వైపంతా పెద్ద పెద్ద అద్దాలు పెట్టించాం. పెట్టిద్దామన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మొదటి వేసవికే ఆ అద్దాలకు మందపాటి కర్టెన్లు కట్టాం. కర్టెన్లు వేస్తే చీకటి కాబట్టి పగలే లైట్లు వేశాం. అయినా హాలు చల్లబడక ఏసీ కొన్నాం. వెలుతురు కోసం అద్దాలు, ఎండ కోసం కర్టెన్లు, చీకటి కోసం లైట్లు, వేడి కోసం ఏసీ. ఒక్క తప్పుకి నాలుగు ఖర్చులు.

ఎందుకిలా అయిందో ఇప్పుడు లెక్కతో చెప్పగలను. దక్షిణం వైపు నాలుగడుగుల కిటికీ ఉందనుకోండి. దాని పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంటే మార్చి మూడో వారం మిట్టమధ్యాహ్నం కిటికీ మొత్తానికీ నీడ దొరుకుతుంది. చలికాలంలో సూర్యుడు కిందికి వాలతాడు కాబట్టి కాస్త ఎండ లోపలికి వస్తుంది, అప్పుడది హాయిగానే ఉంటుంది. అదే సన్‌షేడ్ పడమటి కిటికీకి పెట్టండి. మే నెల సాయంత్రం నాలుగింటికి ఎండ ఏటవాలుగా వస్తుంది. కిటికీ పై భాగంలో అడుగున్నరకు మించి నీడ పడదు. మిగతా ఎండంతా నేరుగా గదిలోకే.

కాబట్టి పెద్ద కిటికీలు ఉత్తరం, దక్షిణం వైపు పెట్టుకోండి. పడమర వైపు చిన్నవి చాలు. వీలైతే ఆ వైపున మెట్లు, బాత్‌రూమ్, స్టోర్ రూమ్ వచ్చేలా ప్లాన్ గీయించండి. ఎండ దెబ్బ అవి కాచుకుంటాయి. స్థలం ఉంటే ఒక వేప చెట్టో, కానుగ చెట్టో నాటండి. కిటికీకి నీడ ఎప్పుడూ బయటి నుంచే ఉండాలి. లోపల కర్టెన్ వేసేసరికి ఎండ అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. బయట వెదురు చిక్కో, వట్టివేళ్ల తడికో కడితే వేడి గడప బయటే ఆగిపోతుంది.

వాస్తు చూసుకునేవారు చాలామంది ఉంటారని తెలుసు. పెద్ద పడకగది నైరుతిలోనే ఉండాలంటారు. అది దక్షిణ, పడమర ఎండలు రెండూ కలిసే మూల. అక్కడే గది కావాలనుకుంటే పట్టింపేమీ లేదు. ఆ గది పడమటి గోడను తొమ్మిది అంగుళాలు కట్టించండి, దానికి బయట నీడ ఏర్పాటు చేయండి, కిటికీని దక్షిణం వైపు తీసుకోండి. వాస్తుకు వాస్తు, నిద్రకు నిద్ర.

మీ ఊరి గాలిని బట్టి మీ ఇల్లు

హైదరాబాద్‌లో బాగున్న ఇల్లు మచిలీపట్నంలో బాగుండాలని లేదు. తెలంగాణ, రాయలసీమ వేసవి ఎక్కువగా పొడి వేడి. పగలు బయటి గాలి లోపలి కన్నా వేడిగా ఉంటుంది, రాత్రికి చల్లబడుతుంది. ఇక్కడ పొద్దెక్కగానే కిటికీలు మూసి, సాయంత్రం చల్లబడ్డాక బార్లా తెరవాలి. మందపాటి గోడలు పనికొస్తాయి. నీళ్ళ కూలర్ కూడా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పొడి గాలిలో నీరు త్వరగా ఆవిరై గాలిని చల్లబరుస్తుంది.

విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరంలో సంగతి వేరు. అక్కడ గాలిలోనే తేమ. చెమట ఆరదు. కూలర్ వేస్తే గది ఇంకా జిడ్డుగా ఉంటుంది. అక్కడ కావలసింది ఒంటికి తగిలే గాలి. ఎదురెదురుగా కిటికీలు, నీడనిచ్చే వసారా, గాలి ఆడే కప్పు ముఖ్యం.

పాత ఇళ్ళు ఈ తేడాను ఎరిగినవే. సీమలో మట్టికప్పు మిద్దెలు, మందపాటి రాతి గోడలు ఉండేవి. కోస్తాలో మధ్యలో ఆకాశం కనిపించే మండువా లోగిళ్ళు, చుట్టూ వసారాలు ఉండేవి. మళ్ళీ పెంకుటిళ్ళు కట్టుకోమని చెప్పడం లేదు. కానీ పాత ఇళ్ళలో గోడ పైభాగాన వెంటిలేటర్ ఉండేది, పైకి చేరిన వేడిగాలి అందులోంచి పోయేది. ఇప్పుడు దాన్ని తీసేసి అక్కడ ఫాల్స్ సీలింగ్ పెడుతున్నాం.

కిటికీల్లో ఇంకో చిన్న మెలిక ఉంది. స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. తలుపులా తెరుచుకునే రెక్కల కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. ప్లాన్ ఖరారయ్యే ముందు ఆ వీధిలో పాత కాపురస్తులను ఒక మాట అడగండి, వేసవి సాయంత్రం గాలి ఎటు నుంచి వస్తుందని. అటువైపు కిటికీ, దానికి ఎదురుగా ఇంకో కిటికీ. దీనికి పైసా అదనపు ఖర్చు లేదు.

ఖర్చు తగ్గించే గోడలు, కప్పులు

వేడిని ఆపాలంటే ఖర్చు పెరుగుతుందన్న భయం సహజం. ఖర్చు తగ్గిస్తూనే వేడినీ తగ్గించవచ్చని మన పక్కనున్న కేరళలో ఒకాయన కట్టి చూపించారు. ఆయన లారీ బేకర్. 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన బాగా వాడుకలోకి తెచ్చిన రెండు పద్ధతులు మనకూ పనికొస్తాయి.

ఒకటి 'ర్యాట్ ట్రాప్' గోడ. ఇటుకను పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి పేరుస్తారు. దాంతో గోడ మధ్యలో ఖాళీ గదులు ఏర్పడతాయి. తొమ్మిది అంగుళాల గోడకు పట్టే ఇటుకల్లో సుమారు నాలుగో వంతు మిగులుతుంది. లోపలి ఖాళీలోని గాలి వేడిని త్వరగా దాటనివ్వదు.

రెండోది 'ఫిల్లర్ స్లాబు'. స్లాబు కింది భాగంలో లాగుడు బలాన్ని మోసేది ఇనుప చువ్వలే. వాటి మధ్యనున్న కాంక్రీటులో చాలా భాగం ఊరికే బరువు. ఆ చోట రెండేసి మంగుళూరు పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని అడ్డుకుంటుంది. అయితే ఇది మేస్త్రీ అందాజాతో చేసే పని కాదు. ఇంజినీరు డిజైన్ ఇవ్వాలి, ఇంతకు ముందు చేసిన మేస్త్రీ దొరకాలి.

మన దగ్గర సులభంగా దొరికే ఏఏసీ బ్లాకులు కూడా మంచివే. అంతే మందం ఎర్ర ఇటుకతో పోలిస్తే నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే వేడిని పోనిస్తాయి. కానీ బ్లాకు, పిల్లరు కలిసే చోట జాలీ పెట్టి ప్లాస్టరింగ్ చేయించకపోతే పగుళ్ళు వస్తాయి. బరువైన అల్మరాలు తగిలించాలంటే ప్రత్యేక బోల్టులు కావాలి. ముందే తెలిస్తే ఇబ్బంది ఉండదు.

అద్దె ఇంట్లో ఉంటే

గోడలు మార్చలేరు, కానీ నీడ మార్చుకోవచ్చు. ఓనర్‌గారిని అడిగి డాబాకు సున్నం వేయించండి. కింది పోర్షన్ వారికీ లాభమే కాబట్టి ఖర్చు పంచుకోవచ్చు. పిల్లలు పడుకునే గది పైన షేడ్ నెట్‌తోనో, కొబ్బరి మట్టలతోనో చలువ పందిరి వేయండి. పెళ్ళికి వేసే పందిరి చదువుకీ పనికొస్తుంది. పందిరికీ డాబాకూ మధ్య గాలి ఆడే ఎత్తు ఉండాలి, గాలివానకు ఎగిరిపోకుండా గట్టిగా కట్టాలి.

సొంతిల్లయితే సోలార్ ప్యానెళ్ళు కూడా ఒక రకంగా చలువ పందిరే, పైగా కరెంటు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు.

చివరగా యంత్రాలు

పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్ మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఏసీ తప్పనిసరైతే 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ కూడా వేసుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బీఈఈ చెబుతోంది. తెల్లటి కప్పు, నీడ ఉన్న గోడ ఉంటే అదే గదికి చిన్న ఏసీ సరిపోతుంది, తక్కువసేపు వేస్తే చాలు.

ఈ ఆదివారం పిల్లలతో చేయించండి

ఒకే సైజు చెప్పుల డబ్బాలు మూడు తీసుకోండి. ఒకదానిపై నల్ల కాగితం, రెండోదానిపై తెల్ల కాగితం అంటించండి. మూడోదానిపై నల్ల కాగితమే అంటించి, దానికి రెండు అంగుళాల ఎత్తున ఒక అట్టముక్కను పందిరిలా నిలబెట్టండి. ఉదయం పది గంటల ఎండలో అరగంట ఉంచి, గది ఉష్ణోగ్రత చూసే థర్మామీటరుతో మూడింటి లోపలా కొలవండి. జ్వరం చూసే థర్మామీటరు వాడవద్దు. ఏది ఎంత వేడెక్కిందో, ఎందుకో పిల్లలనే చెప్పమనండి. కారణం ఇంగ్లిష్‌లో చెప్పినా తెలుగులో చెప్పినా సరే. సైన్స్ నోట్‌బుక్‌లో రాసుకొస్తే క్లాసులో చూస్తాను.

ప్లాన్ మీద సంతకం పెట్టే ముందు మీ ఇంజినీరును మూడు ప్రశ్నలు అడగండి. పిల్లల గది పైన కప్పుకు ఏం చేస్తున్నారు? పడమటి గోడకు నీడ ఎక్కడిది? ఈ గదిలోకి వచ్చిన గాలి ఎటు పోతుంది? మూడింటికీ జవాబు వచ్చాకే ఎలివేషన్ టైల్స్ గురించి మాట్లాడండి.

ఆ బాబు వాళ్ళ ఓనర్ ఒప్పుకున్నారు. ఒక ఆదివారం సాయంత్రం తల్లీతండ్రీ కలిసి డాబాకు రెండు కోట్లు సున్నం వేశారు. వేడి పూర్తిగా పోలేదని, కానీ ఇప్పుడు పిల్లాడు పదిన్నరకల్లా నిద్రపోతున్నాడని ఆమె తర్వాత చెప్పారు. నా అలవాటు కూడా కొంత మారింది. వేసవిలో ఎవరైనా మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడితే, ఎర్ర పెన్ను తీసే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను. "నాన్నా, మీ ఇల్లు ఏ ఫ్లోర్?"

ఇట్లు,
మీ పిల్లల సైన్స్ టీచర్